సేటు పంపిన నమూనా

సూర్యాపేటలో రైస్ మిల్లు నడిపే బద్రీనాథ్ ఆ మంగళవారం పరగడుపున మిల్లుకు వెళ్లి, అక్కడికొచ్చే కాంపౌండరుకు రక్తం ఇచ్చేసి, ఇంటికొచ్చి నెయ్యి పోసిన ఉప్మా తినాలనుకున్నాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరు కొలెస్టరాల్ పరీక్ష రాశాడు. రక్తం బస్సులో హైదరాబాదు వెళ్లాలి. భార్య ఆండాళు ముందే చెప్పేసింది.

"రిపోర్టు మంచిగ రాకుంటే ఇంట్ల నెయ్యి బంద్."

నెయ్యి లేని అన్నం బద్రీనాథ్ బుద్ధెరిగాక తినలేదు. పాపం, దిగులు పట్టుకుంది. అయితే ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయన మిర్యాలగూడ వ్యాపారులకు ఏనాడూ చేతికందిన ధాన్యాన్ని నమూనాగా పంపలేదు. ఏరి, మంచి గింజలే పంపేవాడు. రక్తానికి మాత్రం వేరే పద్ధతి ఎందుకు?

చివ్వెంల ఊరి నుంచి ఇంటికి నెయ్యి తెచ్చే గొర్రెల కాపరి ఐలన్న అప్పుడే మిల్లు ముందు నుంచి పోతున్నాడు. మనిషి ఎండుకట్టెలా ఉంటాడు.

"ఐలన్నా, ఏమన్న తిన్నవా?"

"లేదు సేటూ. తెల్లారకముందే బయలెల్లిన."

"అయితే జర నా కుర్చీల కూసో. ఒక సూది పొడుస్తరు. ఏం మాట్లాడకు."

కొత్త కాంపౌండరు దేవదాసు సేటును ఎన్నడూ చూడలేదు. కుర్చీలో ఉన్న మనిషి రక్తం తీసుకుని, సీసా మీద బద్రీనాథ్ పేరు రాసుకుపోయాడు.

వారానికి రిపోర్టు వచ్చింది. మూడు వందల నలభై. ఆండాళు నెయ్యి జాడీని బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండు పూటలా ఉడికిన సొరకాయ, జొన్నరొట్టె. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే నెయ్యి పోతుంది. బద్రీనాథ్ నెల రోజులు నోరు మూసుకుని, రెండో పరీక్షకు సొంత రక్తమే ఇచ్చాడు. నూట డెబ్బై వచ్చింది.

"చూశారా, పథ్యం ఎంత పనిచేసిందో," అన్నాడు డాక్టరు ఆండాళుతో. "జీవితాంతం ఇదే సాగించండి."

బద్రీనాథ్ నీరుగారిపోయాడు. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. ఆ మూడు వందల నలభై ఐలన్నది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నెయ్యి పోతే పోయింది, మనిషి పోతే? అక్కడికక్కడే అంతా కక్కేశాడు.

ఆండాళు ఐలన్నకు కబురు పంపింది. మర్నాడు వచ్చిన ఐలన్నను కూర్చోబెట్టి సొరకాయ కూర వడ్డించింది.

"నేనేం జేసిన అమ్మా?"

"నెత్తురిచ్చినవ్. తిను, దవాఖానకు పోదాం."

పక్కనే మొగుడి విస్తట్లోనూ సొరకాయే పడింది.

"నాది నూట డెబ్బయే గద," అన్నాడు బద్రీనాథ్.

"అదెవరి నెత్తురో నాకేం తెలుసు?"

ఆ వారం నుంచి మిల్లులో ధాన్యం నమూనా కూడా ఆండాళే తీస్తోంది.