ఓవెన్ బాగుచేసిన అల్లుడు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగేసి, పదింటి బస్సుకి అత్తగారింటినుంచి బయటపడాలని పెద్దల్లుడి ఆలోచన. ఆ కాఫీ దగ్గరే వచ్చింది చిక్కు. మరదలు మైక్రోవేవ్ ఓవెన్లో కేకు కాల్చి తీసి, ఆ వెంటనే అందులో పాలు పెట్టింది. ఓవెన్ నాలుగుసార్లు కుయ్యిమని, "సెన్సర్ లోపం" అని ఎర్రక్షరాలు చూపించి మొరాయించింది.

"మెకానిక్కుని పిలుద్దామా?" అంది భార్య, మొగుడి మొహంకేసి చూస్తూ.

"ఇంజనీరు అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని మెకానిక్కెందుకే?" అన్నారు అత్తగారు.

అతను కట్టేవి వంతెనలు. కరెంటంటే చిన్నప్పటినుంచీ హడలు. ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్యే స్టూలెక్కుతుంది. ఆ సంగతి అత్తగారి చెవిన పడకుండా ఎనిమిదేళ్లుగా నెట్టుకొస్తున్నాడు.

అందర్నీ వంటింట్లోంచి పంపించి ఫోనులో వెతికాడు. వేడి కొలిచే సెన్సర్ వెనక మూత లోపల ఉంటుందట. ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవుండి, ముట్టుకున్నవాణ్ణి చంపగలదట. అక్కడితో చదవడం ఆపేశాడు. ఓవెన్ లోపల ఫ్యాను ఇంకా బుసకొడుతోంది. ప్లగ్గు మీదికి చెయ్యి పోలేదు. వరండాలోకి పరిగెత్తి మెయిన్ ఆపేశాడు.

బాత్‌రూంలో మామగారి ట్రిమ్మరు సగం మీసం దగ్గర ఆగిపోయింది.

"ఏమైంది అల్లుడుగారూ?"

"ఎవరూ వంటింట్లోకి రావద్దండీ. ప్రమాదం," అన్నాడు. గొంతు వణికింది.

అతనే భయపడుతున్నాడని ఎవరికీ తోచలేదు. ఇంజనీరే వణుకుతున్నాడంటే ఇల్లు పేలిపోతుందనుకున్నారు అత్తగారు. ఇంటిల్లిపాదినీ వీధిలోకి తోలారు. మామగారు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"పొగేమైనా పీల్చారా అన్నయ్యగారూ?" అని అడిగింది ఎదురింటావిడ.

"ఏదో పేలుతుందట అత్తయ్యా," అంది మరదలు. ఆ మాట మూడో ఇంటికి చేరేసరికి అది పేలిపోయింది. నాలుగో ఇంటివాళ్లు ఫైరింజన్‌కి ఫోను చేశారు.

లోపల అతను వంటింటి గుమ్మానికి అతుక్కుపోయి అరగంటనుంచి ఓవెన్నే చూస్తున్నాడు. ముట్టుకుంటే ప్రాణం పోతుంది, ముట్టుకోకపోతే పరువు పోతుంది. సైరన్ వినపడేసరికి ఇక నిజం ఒప్పేసుకోవడమే మేలనుకున్నాడు.

అతను నోరు తెరిచేలోపే ఫైర్ ఆఫీసరు లోపలికొచ్చి, మెయిన్ వేయించి, ఓవెన్ మీట నొక్కాడు. అల్లుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఎర్రక్షరాలు లేవు, పాలు పొగలు కక్కుతున్నాయి. చేతిలో ఫోను ఇందాక చదవని ముక్క చూపిస్తోంది: "కేకు కాల్చిన వెంటనే ఇలా వస్తే, చల్లారేదాకా ఆగితే చాలు."

"ఏం చేశారు సార్?" అన్నాడు ఆఫీసరు.

"ఏమీ చెయ్యలేదండీ."

"చూశారా, చేసింది చెప్పుకోవడం మా అల్లుడుగారికి బొత్తిగా తెలీదు," అన్నారు అత్తగారు, వీధంతా వినేలా.

ఆఫీసరు అతని చెయ్యి పట్టుకున్నాడు. "మా స్టేషన్లో నీళ్ల మోటారు నెలనుంచీ షాక్ కొడుతోంది సార్. మెకానిక్కులెవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. మీరొకసారి చెయ్యి పెట్టాలి."

అతను భార్యకేసి చూశాడు. ఆవిడ నేలకేసి చూసింది. ఈలోగా అత్తగారు చెప్పులు తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టారు.

ఫైరింజన్ కదిలింది. ఎక్కడా మంట లేకపోయినా, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషికి దారి పొడుగునా చెమటలు పోస్తూనే ఉన్నాయి.