పిల్లికూనను కాపాడిన మూడు వందల పన్నెండు మంది

మూగజీవాలకు సాయం చేయడానికి రెండు చేతులు కావాలని ఎవరన్నారండీ? ఒక్క బొటనవేలు చాలు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్న మాట ఇది. మా అపార్ట్‌మెంట్లలో ‘మూగజీవాల మిత్రమండలి’ అని ఒక ఫోన్ గ్రూపు ఉంది. సభ్యులు అక్షరాలా మూడు వందల పన్నెండు మంది. నేను దానికి ఉపాధ్యక్షుణ్ణి. రెండేళ్లుగా ఈ పదవిలో ఉన్నా నా చేతికి ఇప్పటిదాకా ఒక్క గీరుడు పడలేదు. అయినా నేను కాపాడిన జంతువులన్నింటినీ ఒకచోట చేరిస్తే చిన్న జూ ఒకటి తెరవొచ్చు.

వెనకటి రోజుల్లో జంతుసేవ ఎంత నరకంగా ఉండేదో గుర్తుందా? కుంటుతున్న కుక్క కనిపిస్తే దాని దగ్గరికి వెళ్లాలి. కరుస్తుందేమోనని భయపడాలి. బుజ్జగించాలి. ఎత్తుకుని డాక్టరు దగ్గరికి మోయాలి. దారిలో అది మన ఒంటి మీద చేసే పనులన్నీ నోరు మూసుకుని భరించాలి. ఛీ ఛీ! ఇప్పుడో? ఫోన్ క్లిక్‌మనిపించి, కింద ‘ఎవరైనా సాయం చేయండి ప్లీజ్’ అని రాసి, మూడు ఏడుపు బొమ్మలు పెడితే సరి. ఆ ‘ఎవరైనా’ అనే మహానుభావుడు ఎవరో, ఎక్కడుంటాడో నాకు ఈరోజుకీ తెలియదు. పాపం, లోకంలో ఉన్న పనంతా ఆయన నెత్తిమీదే ఉంది.

మా బావమరిదినే తీసుకోండి. కాలు విరిగిన ఒక ఎర్రకుక్క ఫొటోను వారం వారం క్రమం తప్పకుండా అందరికీ పంపుతుంటాడు. ఫొటో తీసి ఆరేళ్లయింది. ఆ కుక్క మా వీధి మొదట్లోనే ఉంటుంది కాబట్టి దాని యోగక్షేమాలు నాకు తెలుసు. కాలు అతుక్కుంది. పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలకూ పిల్లలు పుట్టాయి. అమ్మమ్మ అయి హాయిగా ఎండకు పడుకున్న కుక్క కోసం మావాడు ఇప్పటికీ కంటతడి పెడుతున్నాడు. ఇంత నిలకడైన ప్రేమ మనుషుల మధ్య ఎక్కడైనా చూశారా?

సరే, ఇలాంటి సేవ ఎంత ఎత్తుకు ఎదగగలదో మీకు తెలియాలంటే పోయిన ఆదివారం సంగతి చెప్పాలి.

ఉదయం ఏడు కావస్తుండగా రెండో అంతస్తు ఆవిడ తన బాల్కనీలోంచి ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. డాబా మీది వాన నీళ్లు నేలకు దిగే లావుపాటి పైపు. దాని అడుగు మూతిలో రెండు కళ్లు. పిల్లికూన! లోపలికి దూరి ఇరుక్కుపోయింది. ఆకాశమేమో నల్లగా మబ్బు పట్టి ఉంది. వాన మొదలైందంటే డాబా మీది నీళ్లన్నీ దాని నెత్తినే పడతాయి.

నా గుండె తరుక్కుపోయిందనుకోండి. వెంటనే మంచం దిగబోయాను. అంతలో అడ్మిన్ గారి మెసేజ్ వచ్చింది: ‘ఎవరూ తొందరపడొద్దు. పద్ధతి ప్రకారం వెళ్దాం.’ నేను మళ్లీ దుప్పటి కప్పుకున్నాను.

అడ్మిన్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. జవాబు సరిగ్గా వచ్చినా పద్ధతి తప్పితే ఆయన దగ్గర మార్కులుండవు. మా పద్ధతి ప్రకారం ముందు జంతువుకు పేరు పెట్టాలి. పేరు లేనిదాన్ని కాపాడితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి? అందుకని ఓటింగు పెట్టారు. ప్రిన్సెస్, చిట్టి, లక్కీ అని మూడు పేర్లు బరిలోకి దిగాయి. హోరాహోరీగా సాగింది. ఎనిమిదిన్నరకు లక్కీ నెగ్గింది. ప్రిన్సెస్ పక్షం వాళ్లు లక్కీ పక్షం వాళ్లతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. పైపులోంచి బయటపడకముందే దానికి అదృష్టవంతురాలని పేరు పెట్టేశామంటే మేం ఎంతటి ఆశావాదులమో చూడండి!

ఆ తర్వాత లక్కీ ఫొటో చుట్టూ పూల బార్డర్ వేశారు. బార్డర్ గులాబీ రంగులో ఉండాలా, నీలంలోనా అన్న చర్చకు అరగంట పట్టింది. ఇదంతా వృథా అని మీరనుకుంటే మీకు సేవ గురించి ఏమీ తెలియదన్నమాట.

తొమ్మిదింటికి నాలుగో అంతస్తు డాక్టరు గారు రంగంలోకి దిగారు. ఆయన పళ్ల డాక్టరు. అయితేనేం? ఇరుక్కున్నదాన్ని నొప్పి లేకుండా బయటికి లాగడమేగా ఆయన వృత్తి! తల్లిపిల్లి అరుపు వినిపిస్తే కూన దానంతట అదే బయటికి వస్తుందని ఆయన సెలవిచ్చారు. తల్లిపిల్లి రికార్డింగు ఒకటి గ్రూపులో పెట్టారు. కూన ఏ వైపు వస్తుందో తెలియదు కాబట్టి పైపు రెండు మూతుల దగ్గరా కాపలా కాయాలన్నారు. కింది మూతి ఆయనది. పై మూతి నాది. డాబా మీద గాలి బాగా వస్తుంది, వీడియోకు వెలుతురు కూడా బాగుంటుంది కదా అని నేనే కోరి తీసుకున్నాను.

తొమ్మిదిన్నరకు డాక్టరు గారు కింద గొంతుక్కూర్చుని పైపులోకి తొంగిచూశారు. కళ్లు కనిపించలేదు. ‘లోపల పైకి పాకిపోయింది’ అని గ్రూపులో ప్రకటించారు. నేను పైన మూతికి చెవి ఆనించాను.

‘మ్యావ్.’

సన్నగా, పాతాళంలోంచి వచ్చినట్టు వినిపించింది! నా ఒళ్లు పులకరించింది. ‘బతికే ఉంది!’ అని గ్రూపులో రాసి, నా ఫోన్లోని తల్లిపిల్లి చేత ‘మ్యావ్’ అనిపించాను. మరుక్షణం డాక్టరు గారి మెసేజ్ వచ్చింది: ‘జవాబిస్తోంది!’ మళ్లీ కిందినుంచి మ్యావ్. మళ్లీ నేను మ్యావ్. గంటకు పైగా ఆ పైపు మూగబోతే ఒట్టు.

నేను ఆ అరుపుల ఆడియో పెట్టగానే గ్రూపులో సంబరం అంబరాన్నంటింది. గొంతు బట్టి ఆడపిల్లే అన్నారొకరు. వయసు ఆరు వారాలన్నారు ఇంకొకరు. ఇది ఆకలి అరుపు కాదు, ఒంటరితనపు అరుపు అని ఐదో అంతస్తు ఆవిడ కన్నీళ్లు పెట్టుకున్నారు. చెవులు రిక్కించి విన్న ఒకాయన, లోపల రెండు గొంతులున్నాయని, కచ్చితంగా కవలలేనని తేల్చారు. కవలలనగానే ప్రిన్సెస్ పక్షం మళ్లీ తలెత్తింది. రెండోదానికి వాళ్ల పేరే పెట్టాలని పట్టుబట్టింది.

పదిన్నరకు కింది గొంతు నీరసించింది. పదీ నలభైకి పూర్తిగా ఆగిపోయింది.

నేను ఎన్నిసార్లు మ్యావ్‌మనిపించినా జవాబు లేదు. ఆ వార్త గ్రూపులో పెట్టాను. కొవ్వొత్తుల బొమ్మలు బారులు తీరాయి. చాలామంది తమ ఫొటోలు తీసేసి నల్ల చతురస్రాలు పెట్టుకున్నారు. నేను డాబా మీద ట్యాంకు పక్కన చతికిలబడి అప్పటికప్పుడు ‘చిన్ని పాదమా, చెప్పకుండా వెళ్లావా’ అని నాలుగు పాదాల కవిత రాశాను. తొంభై హృదయాలు వచ్చాయి. నా పెళ్లి ఫొటోకు కూడా అన్ని రాలేదు.

పదకొండింటికి కింద పార్కింగ్‌లో సంతాపసభ. నలభై మంది దాకా వచ్చారు. రెండేళ్లుగా గ్రూపులో ఒకరినొకరు ‘డియర్’ అనుకుంటున్నవాళ్లు ‘ఓహో, మీరేనా మీరు!’ అని మొదటిసారి పలకరించుకున్నారు. అడ్మిన్ గారు రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం తలలు దించాం.

ఆ మౌనంలో మ్యావ్‌మని వినిపించింది.

తలెత్తి చూస్తే మా స్వీపరమ్మ. ఒక చేతిలో చీపురు, యూనిఫాం కోటు జేబులోంచి బయటికి చూస్తూ రెండు కళ్లు!

“దీన్నేనా సార్ మీరు వెతికేది? నేను ఏడింటికే తీసేశాను. ఊడుస్తుంటే అరుస్తోంది, చెయ్యి పెట్టి లాగితే వచ్చేసింది. మోటారు గదిలో అట్టపెట్టెలో పడుకోబెట్టా. పాలు తాగి ఇప్పటిదాకా ఒకటే నిద్ర” అంది. ఆమె చేతి మీద నాలుగు ఎర్రటి గీరుళ్లున్నాయి.

ఏడింటికే తీసేసిందా! మరి గంటకు పైగా మ్యావ్‌మన్నది ఎవరు?

నేను డాక్టరు గారి ఫోన్ వైపు చూశాను. చార్జింగ్ అయిపోయి నల్లగా ఉంది. ఆయన నా ఫోన్ వైపు చూశారు. ఇద్దరం కలిసి నేల వైపు చూశాం. కవలల సంగతి తేల్చినాయన గబగబా వెనక వరసలోకి వెళ్లిపోయారు.

కూన దొరికింది కదా, అందరూ సంతోషించి ఉంటారనుకుంటున్నారా? సంతోషం ఎలా వస్తుందండీ! అడ్మిన్ గారు ఒంటికాలి మీద లేచారు.

“చెప్పా పెట్టకుండా ఎలా తీశావమ్మా? ఒక పద్ధతీ పాడూ లేదా? కనీసం ఒక్క వీడియో అయినా లేదు!”

“రెండు చేతులూ దీన్ని పట్టుకోడానికే సరిపోయాయి సార్. ఇంక ఫోనెక్కడ పట్టుకోను?” అంది స్వీపరమ్మ.

అప్పుడు అందరి మనసులోనూ ఉన్న మాటను నేనే బయటపెట్టాను. ఉపాధ్యక్షుణ్ణి కదా, ఆ బాధ్యత నాది. “పోనీ, ఒక్కసారి మళ్లీ పైపులో పెడదాం. ఎంతసేపు, రెండు నిమిషాలు! వీడియో తీసుకుని వెంటనే బయటికి తీసేద్దాం” అన్నాను. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. మూడు వందల పన్నెండు మంది పొద్దుటినుంచి పళ్లు తోముకోకుండా కాపాడుతున్నారు. కాపాడిన తృప్తి వాళ్లకు దక్కొద్దా? నలభై తలలు ఒక్కసారిగా ఊగాయి. ఎవరో వెలుతురు ఎటు బాగుందో చూస్తున్నారు కూడా.

స్వీపరమ్మ చీపురు గోడకు ఆనించింది. జేబులోంచి కూనను తీసి నా చేతిలో పెట్టింది.

“అయితే మీరే పెట్టండి సార్. నావల్ల కాదు.”

అది నా అరచేతిలో సగం కూడా లేదు. వేలి కింద దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. రెండేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉన్నాను కానీ మూగజీవానికి గుండె ఇంత గట్టిగా కొట్టుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. ఏ ఫొటోలోనూ అది కనిపించలేదు. నేను పైపు వైపు ఒక అడుగు వేశాను. రెండో అడుగు పడలేదు. అంతలో వాన దబదబా మొదలైంది. చూస్తుండగానే డాబా మీది నీళ్లన్నీ ఆ పైపు మూతిలోంచి బురదతో సహా చిమ్మాయి. నాకు సిగ్గేసింది. వ్యంగ్యానికి కాదు, నిజంగానే సిగ్గేసింది.

ఎవరూ వీడియో మాట ఎత్తలేదు. స్వీపరమ్మే మళ్లీ అడిగింది.

“మరి దీన్ని ఇంటికెవరు తీసుకెళ్తారు సార్? నా దగ్గర ఇప్పటికే రెండున్నాయి. మూడోది కనిపిస్తే గది ఖాళీ చెయ్యమని మా ఓనరు తెగేసి చెప్పాడు.”

అప్పుడు జరిగింది అసలైన అద్భుతం! నలభై మందికీ ఒకేసారి ఫోన్లు వచ్చాయి! ఏ ఫోనూ మోగలేదు. అయినా వచ్చాయి. అడ్మిన్ గారు “ఆ, వస్తున్నా, వస్తున్నా” అంటూ మెట్లెక్కేశారు. తొంభై హృదయాల్లో నలభై అక్కడే ఉన్నాయి కదా, అవన్నీ “హలో, హలో” అనుకుంటూ వానలోనే తలా ఒక దిక్కుకు నడిచాయి. చార్జింగ్ అయిపోయిన ఫోనులో కూడా డాక్టరు గారికి అర్జెంటు కేసు తగిలింది.

మిగిలింది నేను. ఎడమ చేతిలో కూన. కుడిచేత్తో నేనూ ఫోన్ చెవికి ఆనించుకుని “హలో, చెప్పండి సార్” అన్నాను. ఆదివారం నాకు ఫోన్ చేసే సార్ ఎవరూ లేరు. స్వీపరమ్మ నా వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“ఏమండీ!” అని పైనుంచి కేక. మూడో అంతస్తు బాల్కనీలో మా ఆవిడ. ఆమె ఏ గ్రూపులోనూ లేదు. “ఫోన్ తలకిందులుగా పట్టుకున్నారు. దాన్ని జేబులో పెట్టుకుని పిల్లిని పైకి తీసుకురండి. తడిసిపోతోంది!”

స్వీపరమ్మ పకపకా నవ్వింది. నేను పైకి నడిచాను.

అలా నా సేవాజీవితం ముగిసింది. ఇప్పుడు కూన నా కుర్చీలో పడుకుంటుంది, నేను స్టూలు మీద కూర్చుని ఈ కాలమ్ రాస్తున్నాను. కర్టెన్ ఒకటి పీలికలైంది. మూడు పూటలా పాలు, రెండు పూటలా ఇసుక ట్రే, కంట్లో చుక్కలు. చుక్కలు వేసేటప్పుడు అది నా చేతి మీద సంతకాలు చేస్తోంది. ఇక గ్రూపు చూసే తీరిక ఎక్కడిది? జంతువుల పట్ల శ్రద్ధ తగ్గిందని నన్ను ఉపాధ్యక్ష పదవినుంచి తీసేశారు. ‘లక్కీ క్షేమం! మన గ్రూపుకు మరో విజయం!’ అని పూల బార్డర్‌తో పోస్టు మాత్రం పెట్టారు. రెండు వందల హృదయాలు దాటాయట. ఆ హృదయాల్లో ఒక్కటి కూడా మా మెట్లెక్కి, పిల్లి ఎలా ఉందని అడగలేదు. రోజూ ఊడవడం అయ్యాక ఐదు నిమిషాలు వచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లేది స్వీపరమ్మ ఒక్కతే.

ఇంతదూరం చదివిన మీరు అలాంటివాళ్లు కారని నాకు తెలుసు. ‘అయ్యో, ఎంత ముద్దుగా ఉందో’ అని మీలో చాలామంది ఈపాటికే అనుకుని ఉంటారు. అందుకే చనువుగా అడుగుతున్నాను. వచ్చే నెల మేం నాలుగు రోజులు ఊరెళ్లాలి. కూన చాలా బుద్ధిమంతురాలు. తెచ్చి దిగబెడతాను, మళ్లీ నేనే వచ్చి తీసుకెళ్తాను. నాలుగంటే నాలుగే రోజులు. మీ ఇంట్లో కాస్త ఉంచుకుంటారా?

హలో? వినిపిస్తోందా?

ఓహో, మీకూ ఫోన్ వచ్చిందా! పర్వాలేదు, మాట్లాడుకోండి. కాకపోతే దాన్ని కాస్త తిన్నగా పట్టుకోండి.