అరవనని రాసిచ్చిన కొండముచ్చు

ఒక పెద్ద అడవిలో పులులకు గుహలు, పాములకు పుట్టలు, పదవీ విరమణ చేసినవారికి పింఛను కార్యాలయపు వసారా ఉండేవి. గుహల్లో, పుట్టల్లో ఉన్నవారు అప్పుడప్పుడైనా బయటికి వచ్చేవారు.

ఒక వేసవిలో తారస్వరుడనే కొండముచ్చు ఆ వసారాకు వచ్చి చేరాడు. యౌవనం నుంచి ముసలితనం దాకా అతడు ఆ అడవికి కావలివాడు. ఎత్తైన మద్దిచెట్టు కొమ్మపై కూర్చుని, చిరుతపులి జాడ కనబడగానే ‘ఖక్, ఖక్’ మని అరవడం అతడి ఉద్యోగం. అతడు అరిస్తే జింకలు నోటిలోని గడ్డి విడిచి పరుగెత్తేవి. ఊరికే అరిచాడని గాని, చూసి కూడా అరవలేదని గాని అతడిమీద ఒక్క ఫిర్యాదు లేదు. నిబంధన అంటే అతడికి అంత గురి.

పళ్లు ఊడి, మోకాళ్లు సడలి, అతడు పదవి దిగాడు. విరమణ చేసిన ఉద్యోగికి అడవి కొట్టునుంచి రోజూ మెత్తని పండ్లు అందించాలన్నది చట్టం. లేత చిగుళ్లు కొమ్మల చివర ఉంటాయి. అంతదూరం ఎక్కే సత్తువ అతడికీ లేదు, అతడి భార్య చిగురమ్మకూ లేదు. ముదురాకు నమలడానికి పళ్లు లేవు. కనుక ఆ పండ్లు వస్తేనే వారికి బతుకు.

పింఛను కార్యాలయానికి పెద్ద గుమాస్తా మితవ్యయుడనే నక్క. దస్త్రం మీదినుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“కొమ్మ అప్పగించారా?”

“కాపలా కొమ్మే కదండీ? చెట్టుకే ఉంది.”

“చెట్టుకు ఉండటం వేరు, అప్పగించడం వేరు. మీరు ఉద్యోగంలో చేరిన రోజున ఆ కొమ్మకు ఆకులున్నాయి. ఇప్పుడు లేవు.”

“ఎండలకు రాలాయండీ.”

“రాలాయో, మీరే తిన్నారో తేలాలి. చిగురు వేశాక రండి.”

కొమ్మ చిగురు వేసింది. తారస్వరుడు మళ్లీ వెళ్లాడు.

“ఇప్పుడు మొదటికంటే ఎక్కువ ఆకులున్నాయి” అన్నాడు మితవ్యయుడు. “ఈ అదనపు ఆకులు ఏ పద్దులో వేయాలో పైవారికి రాశాం. రేపు రండి.”

వసారాలో అప్పటికే ఒక ముసలి ఏనుగు ఉంది. దారికి అడ్డంగా కూలిన చెట్లను తొలగించడం దాని పూర్వపు ఉద్యోగం.

“తమ్ముడూ, కొత్తా? ఆ స్తంభం పక్కన కూర్చో. మధ్యాహ్నం ఎండ తగలదు” అంది ఏనుగు.

“నువ్వు ఎన్నాళ్లనుంచి వస్తున్నావన్నా?”

“నేను వచ్చిన రోజుల్లో ఆ స్తంభం మొలక.”

ఊరికే కూర్చుంటే కీళ్లు పట్టేస్తాయని ఏనుగు ఆ మాట అంటూనే లేచి, దారిమీద పడిన మానునొకదాన్ని పక్కకు నెట్టి వచ్చి కూర్చుంది.

తారస్వరుడికీ చేతులు ఊరుకోలేదు. వసారా కప్పుమీదికి ఎక్కి నాలుగు దిక్కులూ చూస్తూ కూర్చునేవాడు. ఒకనాడు ఎండుగడ్డిలో మచ్చలు కదిలాయి. తాను పదవిలో లేనన్న సంగతి గుర్తుకు రాకముందే గొంతు అరిచేసింది. జింకలు తప్పించుకున్నాయి. మితవ్యయుడు బల్లకింద దాక్కున్నాడు. బల్లకింద చీకటిగా ఉంటుంది. అతడికి గొప్ప ఆలోచనలన్నీ అక్కడే వచ్చేవి.

బయటికి వచ్చి బంట్రోతు ముళ్లపందిని పిలిచాడు. “కావలివాడి ఖాళీలో కొత్తవాణ్ణి వేయమని కాగితం పంపబోయాం కదా?”

“సిద్ధంగా ఉందండి.”

“చింపెయ్.”

“మరి కాపలా?”

“పింఛను ఇస్తే ఆ కొండముచ్చు ఇంటికి పోతాడు. ఇవ్వకపోతే రోజూ తెల్లవారేసరికి మన వసారాలో ఉంటాడు. జీతం అడగడు, సెలవు అడగడు, ఆలస్యంగా రాడు. ఇంతకంటే మంచి ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు?”

ముళ్లపంది కాగితం చింపింది. “ఏనుగు సంగతి కూడా ఇంతేనాండీ?”

“దారి శుభ్రంగా లేదూ?” అన్నాడు మితవ్యయుడు.

ఏడాది చివర సింహం కొలువులో మితవ్యయుడి మెడలో అడవిమల్లెల దండ పడింది. కావలివాడు లేకుండానే కాపలా జరిపించిన దక్షత అని సింహం మెచ్చుకుంది.

ఆ సాయంత్రం చిగురమ్మ వాగునీటిలో చెట్టుబెరడు నానబెడుతూ అడిగింది. “ఏమండీ, ఇవాళ ఏమన్నారు?”

“రేపు రమ్మన్నారు.”

“నిన్న కూడా అదేగా అన్నది?”

“నిన్నటి రేపు ఇవాళతో అయిపోయింది. ఇది కొత్తది.”

“అయితే దాన్నే నానబెడతాను, ఈ బెరడుకంటే మెత్తగా ఉంటుందేమో.” ఆమె ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. “మీ అరుపుకు అడవంతా కదిలేది. ఆ కార్యాలయం మాత్రం కదలదేం?”

తారస్వరుడు బెరడు ముక్కల్లో మెత్తగా నానినదాన్ని వెతికి ఆమె వైపు జరిపాడు.

చలికాలంలో తనిఖీకి ఏకపాదుడనే కొంగ వచ్చాడు. ఒంటికాలిమీద నిలబడి, కళ్లు సగం మూసి, తప్పు పైకి తేలేదాకా కదలకపోవడం అతడి పద్ధతి.

“కావలి ఉద్యోగం ఖాళీ. అరుపులు మాత్రం ఏడాది పొడుగునా వినిపించాయి. అరిచింది ఎవరు?”

“ఒక విశ్రాంత కొండముచ్చండీ. కార్యాలయం మీద అభిమానంతో...”

“అభిమానానికి పద్దు లేదు. అరిచినవాడు పని చేసినట్టు. పని చేసినవాడు విరమణ చేయనట్టు. కనుక అతడికి జీతం బాకీ. దాన్ని మీ వాటా మాంసంలోంచి కోయాలి.”

మితవ్యయుడి మీసాలు వాలిపోయాయి. “అయ్యా, అరవలేదని అతడే రాసిస్తే?”

ఏకపాదుడు రెండో కాలు దించి ఆలోచించాడు. “అప్పుడు వినిపించింది అరుపు కాదు, గాలి. గాలికి జీతం లేదు.”

మరునాడు తారస్వరుడికి మొదటిసారి లోపలికి పిలుపు వచ్చింది.

“రండి, రండి తారస్వరుడుగారూ! కూర్చోండి” అన్నాడు మితవ్యయుడు. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. “ఇదిగో, ఇదే ఆఖరి కాగితం. హామీపత్రం. వేలిముద్ర వేస్తే పండ్లు మీ గుమ్మంలోకి వస్తాయి.”

తారస్వరుడు చదివాడు. ‘నేను ఎక్కడా ఏ ఉద్యోగమూ చేయుటలేదు. విరమణ పిమ్మట ఉద్యోగధర్మముగా ఎన్నడూ అరవలేదు. ఇకమీదట వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే అరవను’ అని ఉంది.

“విరమణ తరవాత కూడా అరిచాను కదండీ. లేదని ఎలా రాయను?”

“ఉద్యోగం లేనప్పుడు ఉద్యోగధర్మంగా ఎలా అరుస్తారు? ఆ మాట నిజమే కదా?”

తారస్వరుడు కాగితం మళ్లీ చదివాడు. వాక్యంలో అబద్ధం దొరకలేదు. “మరి రేపు చిరుత వస్తే?”

“అనుమతి తీసుకుని నిక్షేపంగా అరవండి.”

నానబెట్టిన బెరడు తలపుకు వచ్చింది. తారస్వరుడు వేలిముద్ర వేశాడు.

అతడు వెళ్లగానే ముళ్లపంది భయంగా అడిగింది. “అయ్యా, నిజంగానే అరవకపోతే?”

“అలవాటుకు చదువు రాదురా. చిరుతను చూడగానే హామీ మరిచి అరుస్తాడు. మనకు కాపలాకు కాపలా. హామీ తప్పాడని పింఛను ఆపడానికి కారణానికి కారణం.”

మితవ్యయుడు తన కార్యాలయంలో నిబంధనను నిజంగా నమ్మేవాణ్ణి ఎన్నడూ చూడలేదు. అందువల్ల అలాంటివాడు ఒకడు ఉండవచ్చునన్న అనుమానం అతడికి రాలేదు.

పండ్లు మాత్రం రాలేదు. హామీపత్రం సరిచూడాలన్నారు. తారస్వరుడు ఎప్పటిలాగే వచ్చి వసారా కప్పుమీద కూర్చునేవాడు. ఒకనాటి ఉదయం జింకలన్నీ కొండ అవతలికి మేతకు వెళ్లాయి. ఏనుగు వాగుదారిలో మాను లాగుతోంది. కార్యాలయం వెనకనున్న పొదలో మచ్చలు కదిలాయి.

అరుపు గొంతుదాకా వచ్చింది. తారస్వరుడు రెండు చేతులతో నోరు మూసుకుని, కప్పు దిగి, నేరుగా మితవ్యయుడి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

“అయ్యా, అరవడానికి అనుమతి కావాలి.”

“ఎందుకు?”

“చిరుత వచ్చిందండీ.”

మితవ్యయుడు నవ్వాడు. “చిరుత వస్తే నువ్వు అరుస్తావు. నువ్వు అరవలేదు. కనుక చిరుత రాలేదు. పింఛను కోసం ఇలాంటి బెదిరింపులు చాలా చూశాను.”

“వెనక కిటికీ పక్కనే ఉందండీ. త్వరగా అనుమతిస్తే...”

“దరఖాస్తు పెట్టుకో. రేపు రా.”

“రేపు నేను తప్పక వస్తానండీ” అన్నాడు తారస్వరుడు వినయంగా. “తమరు ఉంటారా?”

ఆ ప్రశ్నకు సమాధానం కిటికీలోంచి దూకింది. ముళ్లపంది ముళ్లు నిక్కబొడుచుకుని బంతిలా చుట్టుకుంది. తారస్వరుడు వసారాలోకి గెంతి స్తంభం పట్టుకుని పైకి పాకాడు. మితవ్యయుడు గుమ్మం దాటాడు గాని, అతడి తోక దాటలేదు.

“అరవవయ్యా! అరవవేం? ఎవరైనా వస్తారు!” అని నక్క పంజా దెబ్బ తిన్న కాలితో కుంటుతూ మొత్తుకున్నాడు.

“అది వ్రాతపూర్వకంగా ఇప్పిస్తారా అయ్యా?” అని అడిగాడు తారస్వరుడు పైనుంచి.

ఆ గోల విని ఏనుగు ఘీంకరిస్తూ పరుగెత్తుకు వచ్చింది. చిరుత దొరికినదానితో తృప్తిపడి పొదల్లోకి పోయింది.

విచారణ జరిగింది. సింహం కొండముచ్చును నిలదీసింది. “చూసి కూడా ఎందుకు అరవలేదు?”

ఏకపాదుడు హామీపత్రం చదివి వినిపించాడు. “అరిచి ఉంటే ఇతడిది తప్పు. అరవలేదు. నిర్దోషి” అని తేల్చాడు. తోకలేని నక్క, పైగా కుంటి, కార్యాలయ గౌరవానికి తగడని మితవ్యయుడికి నిర్బంధ విరమణ ఇచ్చారు. ముళ్లపంది పెద్ద గుమాస్తా అయింది. అది దస్త్రం మీదినుంచి తల ఎత్తకుండా మాట్లాడటం ఒక్కరోజులో నేర్చుకుంది.

మితవ్యయుడు పింఛను కోసం వచ్చాడు.

“తోక అప్పగించారా?” అని అడిగింది ముళ్లపంది.

“ఏమిట్రా ఆ ప్రశ్న? నీ కళ్లముందే కదా చిరుత పట్టుకుపోయింది!”

“చుట్టుకుని ఉన్నాను. ఏమీ చూడలేదు. మీరు చేరిన రోజున తోక ఉంది. ఇప్పుడు లేదు. మొలిచాక రండి.”

వసారాలో ఏనుగు కాస్త జరిగి చోటు ఇచ్చింది. “తమ్ముడూ, కొత్తా? ఆ స్తంభం పక్కన కూర్చో.”

చిరుత పంజా రుచి చూసిన నక్కకు కంటిమీద కునుకు లేదు. ఆకు రాలినా ఊళ వేసేవాడు, ఎలుక పారినా ఊళ వేసేవాడు. చిరుత నిజంగా వచ్చినప్పుడు అందరికంటే పెద్దగా వేశాడు. జింకలు తప్పించుకున్నాయి. బల్లకింద దాక్కున్న ముళ్లపందికి అక్కడి చీకటిలో ఏదో తోచింది.

మరునాడే తారస్వరుడి గుమ్మంలో బుట్టెడు పండ్లు దిగాయి.

చిగురమ్మ ఒక పండు నోట్లో వేసుకుని చాలాసేపు మింగలేదు. “ఎంత తియ్యగా ఉందండీ! ఎవరి పుణ్యం?”

“పుణ్యం కాదు. ఎవరిదో తోక” అన్నాడు తారస్వరుడు.

ధన్యవాదాలు చెప్పడం మర్యాద కనుక అతడు కార్యాలయానికి వెళ్లాడు. “ఇన్నాళ్లు కానిది ఒక్కరోజులో ఎలా అయిందండీ?”

“వసారాకు ఇద్దరు కావలివాళ్లెందుకు?” అంది ముళ్లపంది. “దుబారా.”

ఏనుగు ఆశగా గుమ్మంలోకి తల పెట్టింది. “మరి నాది?”

ముళ్లపంది కిటికీలోంచి దారివైపు చూసింది. దారి అద్దంలా ఉంది.

“రేపు రండి.”

తారస్వరుడు మెట్లు దిగుతుంటే ఏనుగు వెనకనుంచి నెమ్మదిగా పిలిచింది. “తమ్ముడూ, మంచి కండగలవాడు ఎవడైనా విరమణకు దగ్గర పడ్డాడేమో, కాస్త విచారించి చెబుతావా?”

నీతి: పింఛను కోసం దేవుళ్లకు మొక్కకండి, వసారాలో మీ చోటుకు మరొకణ్ణి వెతకండి.