నీలం సైటులో తప్పిపోయిన మొగుడు

ఆ రోజు ఉదయం టైలరమ్మ అనుకున్న పని చాలా చిన్నది. ఎదురింటివాళ్ల ప్యాంటుకి కాళ్ల పొడవు తగ్గించాలి. పై అంతస్తులో ఉండే లెక్చరర్ గారి సంచికి జిప్పు మార్చాలి. సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని, గులాబీ సైటులో తన అక్క రాసిన నాలుగు మాటలూ దాచుకోవాలి. అంతే.

అసలు ఆ సైటు పేరు వేరే ఏదో ఉంది గాని, రంగుని బట్టి ఇంట్లో అందరూ దాన్ని గులాబీ సైటు అనేవారు. ఒకప్పుడు ఊరంతా అందులోనే ఉండేది. తర్వాత నీలం సైటు వచ్చింది. ముందు కుర్రకారు, తర్వాత వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి తల్లిదండ్రులు, ఇలా ఒకరి వెనక ఒకరు అందరూ అటు వెళ్లిపోయారు. జనం లేని సైటుని ఎంతకాలం నడుపుతారు? ఇవాళ్టితో మూసేస్తున్నామని గులాబీ సైటువాళ్లు ప్రకటించారు.

"సాయంత్రం వచ్చాక అన్నీ నేనే తీసి దాస్తానమ్మా. నువ్వు మాత్రం కంప్యూటర్ ముట్టుకోకు," అంది కూతురు చెప్పులు వేసుకుంటూ.

"ఈలోగా మూసేస్తేనో?"

"ఇవాళంతా ఉంటుందని వాళ్లే చెప్పారు కదా."

"వాళ్లకి ఇవాళ ఎప్పుడైపోతుందో మనకేం తెలుసు? వాళ్ల గడియారం, మన గడియారం ఒకటేనా?"

కూతురు నవ్వేసింది.

"పోనీ కరెంటు పోతే?"

"మళ్లీ వస్తుంది."

"నువ్వు రాకపోతే?"

"నేనెందుకు రాను?"

"ఏమో తల్లీ, లిఫ్టులో ఇరుక్కుంటే?"

"మెట్లెక్కి వెళ్తాలే," అని కూతురు వెళ్లిపోయింది. మెట్ల మీద కాలు జారితేనో అని అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు.

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది గాని కాలు తొక్కుతున్నదే తప్ప మనసు సూదిలో లేదు. గులాబీ సైటు కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉండేది కాదు. వీధి చివర నెట్ సెంటర్లో, చెక్క గదిలో, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు ముందు కూతురితో పాటు ఇరుక్కుని కూర్చునేది. పక్క ఊరి నుంచి అక్క, సైటులో ఈవిడ పేరున ఉన్న గోడ మీద ఏదో ఒకటి రాసేది. రాసి ఊరుకునేదా? వెంటనే ఫోన్ చేసి, "నీ గోడ మీద రాశాను, చూడు," అని చెప్పి, రాసినదంతా ఫోన్లోనే చదివి వినిపించేది. అయినా ఈవిడ నెట్ సెంటర్‌కి పరిగెత్తి మళ్లీ చదువుకునేది. ఫోన్లో విన్నది గాలికి పోతుంది, గోడ మీద ఉన్నది ఉంటుంది కదా అని ధైర్యం.

అందులో స్నేహితుల గురించి నాలుగు మంచి మాటలు రాసే చోటు ఒకటుండేది. అక్కడ అక్క ఇలా రాసింది: "మా పిట్టకి భయం ఎక్కువ. చిన్నప్పుడు నేను స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే, గేటు పట్టుకుని నిలబడి, దారిన పోయే ప్రతి మనిషినీ మా అక్కని చూశారా అని అడిగేది. నా కోసం అంతగా భయపడిన మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు."

చిన్నప్పటి నుంచీ ఏ చప్పుడు విన్నా ఎగిరిపడుతుందని అక్క ఈవిడకి పెట్టిన పేరు పిట్ట. ఆ పేరుతో పిలిచే మనిషే ఇప్పుడు మాట్లాడటం లేదు. ఈవిడ అందరితో పాటు నీలం సైటుకి మారినప్పుడు, మొట్టమొదట అక్కకే స్నేహం కోసం అడిగింది. అక్క ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. ఏళ్లు గడిచినా జవాబు లేదు. సొంత చెల్లెల్ని గుమ్మంలో నిలబెట్టినట్టు నిలబెట్టిందని ఈవిడ మూతి ముడుచుకుంది. ఫోన్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లలో ఎదురుపడితే "తిన్నావా?" "తిన్నాను." అక్కడితో సరి. ఇక అక్క దగ్గర నుంచి తనకి మిగిలిందల్లా ఆ గోడ మీది మాటలే. అవీ ఇవాళ పోతాయి.

ఆ ఆలోచన వచ్చాక ఉండబట్టలేదు. జిప్పు సగంలో వదిలేసి లేచి వెళ్లి కంప్యూటర్ పెట్టింది.

తెర మీదకి గులాబీ రాలేదు, నీలం వచ్చింది. వచ్చి, "మీ వివరాలు ఒకసారి సరిచూసుకోండి," అంటూ పెద్ద పెట్టె ఒకటి అడ్డంగా పెట్టింది. దానికి జవాబు చెబితే గాని ఇది తనని గులాబీ వైపు వెళ్లనివ్వదని టైలరమ్మ తీర్మానించుకుంది.

ఇక్కడ ఆవిడ నియమం ఒకటి చెప్పాలి. కంప్యూటర్‌కి నిజం చెప్పకూడదు. చెబితే అది ఎక్కడెక్కడి దొంగలకో చేరుతుంది. అందుకే రెండు సైట్లకీ పుట్టినరోజు కూడా తప్పే చెప్పింది. నీలం సైటులో ఉన్నవాళ్లంతా ఏటా ఏ సంబంధమూ లేని ఒక రోజున శుభాకాంక్షలు చెబితే, ఈవిడ మొహమాటపడి అందరికీ థాంక్స్ చెప్పేది.

పెట్టెలో, వివాహం అన్న దగ్గర, "అయింది" అని ఉంది. కూతురి నిర్వాకం. అయింది అంటే మొగుడున్నాడని తెలుస్తుంది. మొగుడు బస్సు డ్రైవరని తెలుసుకోవడం ఎంతసేపు? డ్రైవరంటే పగలంతా ఇంట్లో ఉండడు. అంటే ఇంట్లో ఆడమనిషి ఒక్కతే మిషను కుట్టుకుంటూ ఉంటుందన్నమాట! ఇంతకాలం ఈ ఇల్లు దొంగల పాలు కాకపోవడమే విచిత్రం.

ఆవిడ వెనక్కి తిరిగి, యూనిఫాంలో ఉన్న భర్త ఫొటో వైపు చూసింది. పెళ్లికి ఆయన సెలవు అడిగితే, "పొద్దున్నే పెళ్లన్నావుగా, సాయంత్రం డ్యూటీకి రావడానికేం?" అన్నదట డిపో. ఆయన వెళ్లాడు కూడా. అంత నెమ్మదస్తుడు.

"ఏమీ అనుకోకండి. మన మంచికే," అని ఫొటోకి చెప్పి, "కాలేదు" అన్నదాన్ని నొక్కింది.

పెట్టె మాయమైంది. గులాబీ సైటు మాత్రం పాస్‌వర్డ్ అడిగింది. తోచినవన్నీ కొట్టి చూసింది, ఒక్కటీ ఒప్పుకోలేదు. నిట్టూర్చి మళ్లీ జిప్పు దగ్గరికి వచ్చింది.

కాసేపటికి పై అంతస్తు నుంచి లెక్చరర్ గారి ఫోన్. "ధైర్యంగా ఉన్నారా?" అందావిడ, గొంతు తగ్గించి.

గులాబీ సైటు సంగతి ఈవిడకి కూడా తెలిసినట్టుందే అనుకుంది టైలరమ్మ. "ఏం ధైర్యమండీ! ఇన్నేళ్ల అనుబంధం. ఇవాళ్టితో ఆఖరు."

"ఇవాళే? అసలు ఏం జరిగింది?"

"ఏముంది, కొత్తది వచ్చింది. పాతది ఎవరికి కావాలి చెప్పండి?"

"కొత్తది కూడా ఉందా!" అని లెక్చరర్ గారు ఫోన్ పెట్టేసింది. సంచి గురించి మాటవరసకైనా అడగలేదు.

మధ్యాహ్నం టైలరమ్మ కిటికీలోంచి చూసింది. డ్యూటీలో ఉండాల్సిన భర్త నడిచి వస్తున్నాడు. టోపీ చేతిలో ఉంది. ఒక పక్క ఆయన బస్సు కండక్టరు, ఇంకో పక్క ముసలి డ్రైవరు ఆయన భుజాలు పట్టుకున్నారు.

"అయ్యో! ఎంతమందికి తగిలింది?" అని గుమ్మంలోకి పరిగెత్తింది.

"నాకే తగిలింది," అన్నాడాయన నీరసంగా. "నేనేం చేశానే? పొద్దున చొక్కా బొత్తాం సరిగ్గా కుట్టలేదన్నాననా?"

"బొత్తామా? బస్సుకేమైంది?"

"బస్సుకేమీ కాలేదు వదినా," అన్నాడు కండక్టరు. "ఇల్లు ఇలా ఉన్న మనిషికి స్టీరింగ్ ఇవ్వనని మేనేజర్ గారు పంపించేశారు. ఏదో కోపంలో అనుంటారు. పొరపాటున కొట్టిన టికెట్ వెనక్కి తీసుకోమా? మీరూ అలాగే..."

"ఏం వెనక్కి తీసుకోవాలి బాబూ? నాకేం అర్థం కావట్లేదు, నా గుండె ఆగిపోయేట్టుంది."

కండక్టరు ఫోన్ చూపించాడు. నీలం తెర మీద, ఆవిడ ఫొటో కింద, పెద్ద అక్షరాలతో: "ఈవిడ ఇకపై వివాహ బంధంలో లేరు." పక్కనే ముక్కలైన గుండె బొమ్మ. దాని కింద ఊరు ఊరంతా బారులు తీరింది. ధైర్యంగా ఉండమని కొందరు. అన్నిటికీ కాలమే మందని కొందరు. "మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాం," అని ఒకరు.

"అది రాసిందెవరు?" అన్నాడు భర్త మెడ చాచి.

"అదలా ఉంచండి. నా కాపురం పోయిందంటే బొటనవేలు చూపించి మెచ్చుకున్నవాళ్లెవరు? ఇందరున్నారేం?" అంది టైలరమ్మ. తర్వాత దొంగలు, పెట్టె, నియమం అన్నీ ఏడుస్తూనే విడమరిచి చెప్పింది.

ముసలి డ్రైవరు అంతా విని, "అంటే దొంగల నుంచి కాపాడటానికి మొగుణ్ని దాచేశావా తల్లీ? నగలు దాస్తారు గాని..." అన్నాడు.

ఈలోగా మెడలో ఆఫీసు కార్డు ఊగుతుండగా కూతురు వచ్చిపడింది. "కంప్యూటర్ ముట్టుకోవద్దన్నానా లేదా? మా మేనేజర్ నన్ను పిలిచి, మీ అమ్మానాన్నల్లో నువ్వెవరితో ఉంటావని అడిగింది!"

జవాబు చెప్పేలోపు వీధిలో టాక్సీ ఆగింది. అందులోంచి అక్క దిగింది. ఒక కాలికి నల్ల చెప్పు, రెండో కాలికి గోధుమ రంగు చెప్పు. ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"పిట్టా! ఒంట్లో బాగానే ఉందా? కోడలు ఫోన్లో చూపించింది. దారిపొడుగునా ఏమేం ఊహించుకున్నానో నాకే తెలుసు." తర్వాత తల తిప్పి, "ఏం మరిదిగారూ, మా చెల్లిని ఏం చేశారు?" అంది.

"నేనా? వదినగారూ, నేను పొద్దుటి నుంచీ బస్సులో ఉన్నాను," అన్నాడాయన. అదే తప్పన్నట్టు చూసింది ఆవిడ.

టైలరమ్మ నోట మొట్టమొదట వచ్చిన మాట ఇదీ: "నీలం దాంట్లో నన్ను ఒప్పుకోలేదుగా! ఇప్పుడెందుకొచ్చావ్?"

"నీలం దాంట్లోనా? నేనెప్పుడు ఉన్నాను అందులో? మావాడెప్పుడో నా ఫొటో పెట్టి తెరిచాడంతే, నేను మళ్లీ మొహం చూడలేదు. నువ్వు గులాబీ దాంట్లో ఉంటావని నేను అక్కడే ఉండిపోయాను. ఇన్ని రాశానే, ఒక్కదానికైనా జవాబిచ్చావా? అంత పెద్దదానివి అయిపోయావనుకున్నాను."

కూతురు నెమ్మదిగా కంప్యూటర్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ కొట్టి, గులాబీ గోడ తెరిచింది. పైనుంచి కింద దాకా అక్కే.

"పుట్టినరోజు శుభాకాంక్షలు పిట్టా. నీ అసలు పుట్టినరోజు నాకు తెలుసులే." ఏటా అదే రోజున, అదే మాట. "ఇవాళ నా కంటికి ఆపరేషన్. నువ్వుంటే నా బదులు నువ్వే భయపడేదానివి, నాకు తీరిగ్గా ఉండేది." ఇంకో చోట: "ఇక్కడ ఇప్పుడు ఎవరూ లేరు పిట్టా. నేనొక్కదాన్నే లైటు వేసుకుని కూర్చున్నాను."

"నేను అక్కడ కూర్చున్నానే అక్కా, నీ కోసం," అంది టైలరమ్మ.

"నేను ఇక్కడ కూర్చున్నాను," అంది అక్క. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. కండక్టరు కళ్లు తుడుచుకుంటూ, ఇలాంటప్పుడు ఎవరిని ఓదార్చాలో తెలియక ముసలి డ్రైవర్ని ఓదార్చాడు.

"కంటి ఆపరేషనా! ఏ కన్ను? సరిగ్గా చేశారా? ఇటు తిరుగు, చూడనీ," అని టైలరమ్మ అప్పుడే కొత్తగా భయపడటం మొదలుపెట్టింది. ఆ భయం చూసి, ఎన్నో ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చినట్టనిపించి, అక్క కళ్లు పెద్దవి చేసి హాయిగా చూపించింది.

కూతురు గోడంతా ముక్క పోకుండా దాచిపెట్టింది. ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని, పక్కనే ఉన్న మనిషి గోడ మీదే ఏదో ఒకటి రాసుకుంటూ, రాసింది పైకి చదువుకుంటూ గడిపారు. చివరికి తెర తెల్లబడి, గులాబీ రంగు మళ్లీ రాలేదు.

"పోనీలే," అంది అక్క. "ఈసారి నుంచి ఫోన్ చేస్తాను. ఎత్తు."

మర్నాడు ఉదయం కూతురు నీలం సైటు తెరిచి, వివాహం దగ్గర "అయింది" అని మార్చింది. నీలం సైటు వెంటనే, గంటల బొమ్మతో సహా, "ఈవిడ వివాహం చేసుకున్నారు," అని ఊరందరికీ చాటింది. శుభాకాంక్షలు వరదలా వచ్చాయి. "మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాం," అని నిన్నటివారే మళ్లీ రాశారు.

డ్యూటీకని బయలుదేరిన భర్త కాసేపటికే తిరిగొచ్చాడు. మొదటి పెళ్లికి ఒక్క పూట కూడా ఇవ్వని డిపో, ఈ పెళ్లికి వారం రోజులు సెలవిచ్చింది.