పుట్టగొడుగులకు అడ్డం పడుకున్న డ్రాఫ్ట్స్‌మన్

ఆ సోమవారం పొద్దున డ్రాఫ్ట్స్‌మన్ పెట్టుకున్న పనులు మూడే. ఏడున్నరకి ఆఫీసుకి ఫోను చేసి నడుం పట్టేసిందని చెప్పడం, తొమ్మిదింటికల్లా మూతపడ్డ కలప కోతమిల్లు వెనకాల అడవిలో ఒక ఎండు మొద్దు ముందు బోర్లా పడుకోవడం, ఫోటో తీసుకుని పదిన్నరకల్లా ఇంటికొచ్చి నిజంగానే నడుం వాల్చడం.

అతను నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల నక్షాలు గీస్తాడు. ఇరవై రెండేళ్ళుగా భూమి కిందుండే వాటిని కాగితం మీదకి తేవడమే పని. బహుశా అందుకేనేమో, భూమిలోంచి తనంతట తానుగా పైకొచ్చే పుట్టగొడుగంటే అతనికి ప్రాణం. తినడానికి కాదు, ఫోటోలు తీయడానికి. వచ్చే ఆదివారం గ్రంథాలయం హాల్లో అతని ఫోటోల ప్రదర్శన ఉంది. పన్నెండు ఫ్రేములు పడతాయన్నారు. పదకొండు నిండాయి. పన్నెండోది చలికాలం పుట్టగొడుగు. మంచు కురిసే రోజుల్లో, మిగతావన్నీ కుళ్ళిపోయాక, చచ్చిన మొద్దు మీద గుత్తిగా పుడుతుంది. తేనెరంగు టోపీ, జిగురు రాసినట్టు మెరుపు, కాడకి కింద నల్లటి నూగు. ఆరు చలికాలాలుగా అది అతనికి దొరకలేదు. దొరకలేదనడం కూడా సరికాదు. ప్రతిసారీ అతను వెళ్ళేసరికి మొద్దు మీద కత్తితో నీటుగా కోసిన మొదళ్ళే మిగిలేవి. ఆ అడవిలో తనకెవరో శత్రువు ఉన్నారని అతనికి అర్థమైంది కానీ, మనిషిని చూడలేదు.

శనివారం సాయంత్రం ఇంకా విచ్చుకోని గుత్తి ఒకటి కనిపించింది. ఆదివారమంతా వాన. ఫ్రేములు కట్టేవాడు బుధవారానికల్లా ఫోటో ఇవ్వకపోతే తన వల్ల కాదన్నాడు. ఇక మిగిలింది సోమవారం. మొద్దు మీద ఎండ ఎప్పుడు పడుతుందో కూడా అతను నక్షా గీసి లెక్కగట్టాడు. మిల్లు పొగగొట్టానికీ చెట్లకీ మధ్య సందులోంచి తొమ్మిదీ పదికి వచ్చి, తొమ్మిదీ ముప్పైకి పోతుంది.

ఏడున్నరకి ఫోను చేసి, మూలుగుతూ మాట్లాడాడు. అవతల హెడ్‌క్లర్కు.

"ఎంత పట్టేసిందయ్యా?" అన్నాడాయన.

"వంగలేకపోతున్నానండి."

"వంగడమెందుకు? నీ బల్ల ఎత్తుగానే ఉంటుందిగా."

"కూర్చోలేకపోతున్నానండి."

హెడ్‌క్లర్కు నిట్టూర్చి సరేనన్నాడు. ఫోను పెట్టేసి డ్రాఫ్ట్స్‌మన్ చటుక్కున వంగి బూట్ల లేసులు కట్టుకున్నాడు. బల్ల దగ్గర పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్న భార్య తలెత్తి చూసింది. ఆమె లెక్కల టీచరు.

"నన్నెవరైనా అడిగితే అబద్ధం చెప్పను. ముందే చెప్తున్నా" అంది.

"నిన్నెవరడుగుతారు?" అని అతను కెమెరా మెళ్ళో వేసుకుని వెళ్ళిపోయాడు.

అడవిలో పొగమంచు పల్చబడుతోంది. గుత్తి ఉన్నచోటే ఉంది. తొమ్మిది టోపీలు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి, పైదాని అంచున నీటిచుక్క. అతను ఇసుక నింపిన చిన్న సంచీని నేలమీద సర్ది, దానిమీద కెమెరా పెట్టి, ఊపిరి బిగపట్టి చూశాడు. అంతా సరిగ్గా ఉంది. ఎండ రావడమే తరువాయి. టైము ఎనిమిదీ నలభై.

అప్పుడు వెనకాల ఎండుటాకులు చప్పుడయ్యాయి. తల తిప్పి చూస్తే చెట్ల మధ్యనుంచి ఒక పెద్దావిడ వస్తోంది. తలకి ఉన్ని గుడ్డ, ఎడమ చేతికి బుట్ట, కుడిచేతిలో చిన్న కత్తి. బుట్టలో అడుగున అప్పటికే నాలుగైదు పుట్టగొడుగులు. అతనికి అర్థమైపోయింది. ఆరు చలికాలాల శత్రువు ఈవిడే.

ఆలోచించడానికి టైము లేదు. కెమెరా కోటు లోపలికి తోసి, మొద్దుకి ఆనుకుని అడ్డంగా పడుకుని, వీపుతో గుత్తిని కప్పేశాడు. ఆవిడ దారిన ఆవిడ పోతుందనుకున్నాడు. ఆవిడ నేరుగా వచ్చి అతని ముందే నిలబడింది.

"ఏమైంది నాయనా? పడ్డావా?"

ఫోటో తీస్తున్నానంటే దేన్ని అంటుంది. విశ్రాంతి తీసుకుంటున్నానంటే ఈ చలిలో, బురదలో నమ్మదు. పొద్దుటినుంచి నోట్లో నానుతున్న మాటే బయటికొచ్చింది.

"నడుం పట్టేసిందమ్మా."

"అలాగా" అని ఆవిడ బుట్ట కింద పెట్టింది. "అయితే కదలకు. నేను ముప్పై ఏళ్ళు ఎముకల వార్డులో నర్సుగా చేశాను. నడుం దగ్గర తొందర పనికిరాదు. ఫోను ఏ జేబులో ఉంది?"

"వద్దమ్మా, కాసేపుంటే అదే సర్దుకుంటుంది. మీరు వెళ్ళండి."

"నిన్నిలా వదిలేసి నేనెక్కడికెళ్తాను?" అంటూ ఆవిడ అతని కోటు జేబులోంచి ఫోను తీసి, ఆఖరిసారి మాట్లాడిన నంబరు నొక్కింది. అది ఆఫీసు నంబరు.

అవతల ఎత్తింది మళ్ళీ హెడ్‌క్లర్కే. పొద్దున ఫోను పెట్టేశాక నలుగురి ముందూ ఆయన, "వీడి నడుం సోమవారాలే పట్టేస్తుందేం?" అని వెక్కిరించాడు. ఇప్పుడు ఆ మనిషి అడవిలో పడి ఉన్నాడట. నొప్పి భరించలేక ఏ నాటువైద్యుణ్ణో వెతుక్కుంటూ బయల్దేరి, దారిలో కూలబడ్డాడని ఆయనకి ఆయనే తేల్చేసుకున్నాడు. ఆ తప్పు తనదేనని కూడా తేల్చేసుకున్నాడు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆయన ఆఫీసులో ప్రమాద నివారణ సంఘానికి కార్యదర్శి. ఆ సంఘానికి ఒక స్ట్రెచర్ ఉంది. పదేళ్ళుగా సామాన్ల గదిలో సీలు విప్పకుండా ఉంది. ఇన్నాళ్ళకి దాని అవసరం వచ్చింది.

దార్లోంచి ఆయన లెక్కల టీచరుకి ఫోను చేశాడు.

"మీవారు అడవిలో పడిపోయారమ్మా. కంగారుపడకండి, మేం వెళ్తున్నాం. పొద్దున నొప్పి ఎలా ఉంది?"

"నాకైతే ఏమీ కనిపించలేదండి" అంది భార్య.

"అంతేనమ్మా, పైకి చెప్పుకోడు" అన్నాడు హెడ్‌క్లర్కు.

ఈలోగా తొమ్మిదీ పది అయింది. చెప్పిన టైముకి ఎండ వచ్చింది. డ్రాఫ్ట్స్‌మన్‌కి అది వీపుకి వెచ్చగా తగిలింది. గుత్తి మొత్తం తన నీడలో ఉందని అతనికి తెలుసు. పక్కకి ఒక్క జానెడు జరిగితే చాలు. కానీ జరిగితే కత్తి ఉంది. ఆవిడ తన ఉన్ని గుడ్డ తీసి అతని కాళ్ళ మీద కప్పి, ఎదురుగా రాయి మీద కూర్చుని అతన్నే చూస్తోంది. అతని మొహం నలిగిపోయింది.

"ఎక్కువైందా?" అంది.

"ఎక్కువైందమ్మా" అన్నాడు. పొద్దుటినుంచి అతను చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే.

తొమ్మిదీ ఇరవైకి మిల్లు పక్కన జీపు ఆగింది. హెడ్‌క్లర్కు, డ్రైవరు, ఇద్దరు ఫిట్టర్లు స్ట్రెచర్ మోసుకుంటూ పరుగున వచ్చారు. స్ట్రెచర్ మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

"మాట్లాడకయ్యా" అన్నాడు హెడ్‌క్లర్కు. "నేను పొద్దున అలా అడిగి ఉండకూడదు. నువ్వేం మాట్లాడకు."

"నేను లేవగలనండి."

"వద్దు నాయనా, లేవకు" అంది పెద్దావిడ. "బాబూ, నువ్వు భుజాల దగ్గర పట్టుకో. నువ్వు మోకాళ్ళ దగ్గర. వెన్ను వంగకూడదు. ఊఁ."

నలుగురూ అతన్ని ఎత్తి స్ట్రెచర్ మీదకి చేర్చి, నాలుగు కొసలూ భుజాలకెత్తుకున్నారు. అలా పైకి లేస్తూ అతను కిందకి చూశాడు. గుత్తి బయటపడింది. తొమ్మిది టోపీలూ ఎండకి దీపాల్లా వెలిగాయి. అంచున నీటిచుక్క ఇంకా రాలలేదు. జన్మలో అలాంటి వెలుగు మళ్ళీ దొరకదు.

తను రోగినన్న సంగతే అతను మర్చిపోయాడు. కోటులోంచి కెమెరా లాగి, స్ట్రెచర్ అంచు మీదుగా నడుం మెలితిప్పి, తలకిందులుగా వేలాడుతూ మూడు ఫోటోలు తీశాడు. ముందున్న హెడ్‌క్లర్కూ డ్రైవరూ దారి చూస్తున్నారు. వెనకున్న ఫిట్టర్లు చెట్ల వేళ్ళు తట్టుకోకుండా కాళ్ళ కింద చూసుకుంటున్నారు. స్ట్రెచర్ ఎందుకు ఒకవైపుకి ఒరుగుతోందో ఎవరికీ అంతు పట్టలేదు.

"కదలకయ్యా!" అని హెడ్‌క్లర్కు వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు వెన్నంతా బొటనవేలితో నొక్కి చూసింది. మొదటిసారి అడిగితే కుడివైపు నొప్పి అన్నాడు, రెండోసారి ఎడమవైపు అన్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం డాక్టరుకి నచ్చలేదు. మూడు రోజులు ఇంట్లో బల్ల మీద వెల్లకిలా పడుకోమని, దిండు కూడా వద్దని రాసింది. హెడ్‌క్లర్కు ఆ కాగితం చూసి, మూడెందుకని వారం సెలవు రాసేశాడు. ఆఫీసులోంచి రోజూ ఇద్దరు చొప్పున వచ్చి, బల్ల పక్కన కూర్చుని తమ తమ నడుముల గురించి చెప్పి వెళ్ళారు. భార్య అందరికీ కుర్చీ వేసి, "ఆయన్నే అడగండి" అంటూ వంటింట్లోకి పోయేది.

తీసిన మూడు ఫోటోలూ అతను బల్ల మీద పడుకునే చూసుకున్నాడు. స్ట్రెచర్ ఊగింది కదా, మూడింట్లోనూ పసుపురంగు మరక తప్ప ఏమీ లేదు.

మంగళవారం సాయంత్రం పెద్దావిడ వచ్చింది. చేతిలో మూత బిగించిన గిన్నె.

"సూపు తెచ్చాను నాయనా. నువ్వు పడుకున్నచోట దొరికినవే. మంచి గుత్తి."

అతను గిన్నెలోకి చూశాడు. తేనెరంగు ముక్కలు తేలుతున్నాయి. ఆరు చలికాలాలు వెతికినవి. భార్య చెంచా అందించింది. తప్పక ఒక గుక్క తాగాడు. చాలా బాగుంది. దాంతో బాధ ఇంకా పెరిగింది.

"నాకు నడుం నొప్పి లేదమ్మా" అన్నాడు చివరికి. "వాటిని ఫోటో తీద్దామని వచ్చాను. మీరు కోసేస్తారని అడ్డం పడుకున్నాను."

"తెలుసు" అంది ఆవిడ.

"తెలుసా?"

"ముప్పై ఏళ్ళు ఎముకల వార్డు. నడుం పట్టేసినవాడు అలా పడుకోడు. పైగా నువ్వు పడుకోకముందే నేను దూరంనుంచి ఆ గుత్తిని చూశాను."

"మరి మా ఆఫీసుకెందుకు ఫోను చేశారు?"

"అడిగితే నువ్వు లేచేలా కనిపించలేదు. నలుగురొచ్చి ఎత్తుకుపోతే తప్ప నాకవి దక్కవు కదా" అని ఆవిడ తన ఫోను తీసింది. "కోసేముందు నేనూ ఒక ఫోటో తీస్తాను. ఏది తిన్నానో గుర్తుండాలని. ఇదిగో."

డ్రాఫ్ట్స్‌మన్ ఫోను తీసుకుని, మరి తిరిగివ్వలేదు. తొమ్మిది టోపీలు, పొరపొరా తెలుస్తూ, అంచున చుక్కతో సహా. ఎండ సరిగ్గా ఎక్కడ పడాలని తను గీసుకున్నాడో అక్కడే పడింది. దూరంగా, పైమూల, మనుషులేదో మోసుకుపోతున్న చిన్న బొమ్మ.

"దీన్ని నా పన్నెండో ఫ్రేములో పెట్టుకోనిస్తారా? మీరు తీసిందనే రాస్తాను."

"పెట్టుకో. కానీ కత్తిరించకు. వెనకాల ఆ మోసుకుపోవడమే లేకపోతే అది వట్టి కూర ఫోటో."

భార్య కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఇందులో మీరున్నారు. చూసుకున్నారా?"

"ఇంతున్నాను. ఎవరు చూస్తారు?" అన్నాడతను. ఫ్రేముకి తగ్గట్టు పెద్దది చేస్తే తనూ పెద్దవాడవుతాడని, ఇరవై రెండేళ్ళుగా కొలతలతో బతుకుతున్న మనిషికి ఆ క్షణాన తోచలేదు.

ఆదివారం గ్రంథాలయం హాల్లో మొదటి పదకొండు ఫోటోలనీ జనం నడుస్తూనే చూశారు. పన్నెండోదాని దగ్గర ఆగిపోయారు. ముందు వెలుగుతున్న గుత్తి. వెనకాల నలుగురు మోస్తున్న స్ట్రెచర్. దానిమీంచి ఒక మనిషి పిండిన తడిబట్టలా మెలితిరిగి, తల కిందకి వేలాడేసి, కంటికి కెమెరా ఆనించుకుని ఉన్నాడు. కోటు బొత్తాలు కూడా లెక్కపెట్టొచ్చు.

పదకొండింటికి హెడ్‌క్లర్కు ఆఫీసు మొత్తాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. కోలుకుంటున్న మనిషికి ధైర్యం చెబుదామని ఆయన ఉద్దేశం. పన్నెండో ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. వెనకాల ఆఫీసు మొత్తం నిలబడింది. డ్రాఫ్ట్స్‌మన్ కాస్త దూరంలో గోడకి ఆనుకుని, ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని చూస్తున్నాడు.

"అది మన స్ట్రెచరేనా?" అన్నాడు హెడ్‌క్లర్కు.

"అవునండి."

"ముందున్నది నేనేనా?"

"మీరేనండి."

"నడుం బాగానే తిరుగుతోందే నీకు."

హెడ్‌క్లర్కు డ్రాఫ్ట్స్‌మన్ భార్యవైపు తిరిగాడు. "ఇది మీకు ముందే తెలుసామ్మా?"

"నాకేమీ కనిపించలేదని ఫోన్లోనే చెప్పానండి" అంది లెక్కల టీచరు.

ఆయన మళ్ళీ ఫోటో వైపు తిరిగి, అడుగు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాడు. పదేళ్ళ సర్వీసులో ప్రమాద నివారణ సంఘం పనిచేస్తుండగా తీసిన ఫోటో మరొకటి లేదు. పైగా అందులో ఆయన భుజాలు విరుచుకుని, చలికాలపు ఎండలో, నిజంగా ఎవరినో కాపాడుతున్నవాడిలా ఉన్నాడు. ప్రదర్శన అయిపోయాక అది ఆఫీసుకి కావాలన్నాడు. మిగతా సంగతి మాట్లాడలేదు.

సోమవారం పొద్దున దాన్ని ఆయనే స్వయంగా మేకు కొట్టి, సెలవు చీటీలు తీసుకునే బల్ల పైన తగిలించాడు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఎవరికీ నడుం నొప్పి రాలేదు.