అందరూ బాగాలేదన్న కారు

ఆ శనివారం ఉదయం ముంజిర్ మాస్టారు టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి, సాయంత్రంలోగా ఒక విషయం తేల్చేయాలనుకున్నాడు. కింద నిలబెట్టిన పాత నసీమ్ కారును ఉంచుకోవాలా, లేక ఈ ఏడాది రూపురేఖలన్నీ మార్చి వదిలిన కొత్త నసీమ్‌తో మార్చుకోవాలా అన్నదే ఆ విషయం. ఇర్బిద్‌లో మా వీధి పొడుగునా సంసారులందరిదీ నసీమ్ కారే. పెళ్ళికూతుర్ని తెచ్చినా, గ్యాస్ బండ తెచ్చినా, ఆలివ్ కోతలప్పుడు నూనె డబ్బాలు తెచ్చినా అందులోనే. అలాంటి కారుకు కంపెనీవాళ్ళు ఉన్నట్టుండి కొత్త ముఖం పెట్టేసరికి వీధిలో మగవాళ్ళకు నిద్ర కరువైంది.

ముంజిర్ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. పెద్దకొడుకు వజ్దీ పేరు మీద అందరూ అతణ్ణి అబూ వజ్దీ, అంటే వజ్దీ నాన్న, అని పిలుస్తారు. భార్య ఇంతిసార్ కూడా అలాగే పిలుస్తుంది.

"వెళ్ళి చూడు, వద్దనను. కానీ ముందు కొన్నవాళ్ళని అడుగు అబూ వజ్దీ. షోరూంవాడు చెప్పినదానికల్లా తలూపి వచ్చావంటే ఊరుకోను," అంది ఇంతిసార్.

"అడక్కుండా ఎలా కొంటాను? లెక్కల మాస్టార్ని."

"అదే నా భయం."

ముందుగదిలో, హజ్ యాత్ర చేసొచ్చిన అతని తల్లి హజ్జా నౌఫా అప్పటికే నల్ల శాలువా కప్పుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. "నేనూ వస్తా నాయనా. ఒక్కసారి ఎక్కి చూస్తా," అంది.

ఆమెకు కారు రంగుతో పని లేదు, లోపలి టచ్ తెరలతో అసలే పని లేదు. తుంటి ఎముక విరిగి అతికిన దగ్గర్నుంచి ఆమె ఎక్కగలిగింది పాత నసీమ్ ఒక్కటే. దాని ముందు సీటు ఇంట్లో కుర్చీ అంత ఎత్తుంటుంది, తలుపు బార్లా తెరుచుకుంటుంది. శుక్రవారం నమాజు కాగానే ముంజిర్ ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టుకుని అజ్లూన్ కొండల్లో ఉన్న పిన్ని ఫిద్దా ఇంటికి తీసుకెళ్తాడు. ఫిద్దా మంచం దిగే స్థితిలో లేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని, చిన్నప్పుడు ఎవరి వాటా అత్తిపళ్ళు ఎవరు తిన్నారో పోట్లాడుకుని, తృప్తిగా విడిపోతారు. హజ్జా నౌఫా వారమంతా ఆ ఒక్క పూట కోసమే ఎదురుచూస్తుంది.

"నిన్నెందుకమ్మా ఎండలో తిప్పడం? నచ్చితే బండి నీ గుమ్మం ముందుకే తెస్తాగా," అన్నాడు ముంజిర్.

ఆమె శాలువా విప్పి మడత పెట్టుకుంది. తర్వాతి రోజుల్లో ముంజిర్‌కు పదేపదే గుర్తొచ్చి బాధపెట్టింది ఆ మడత పెట్టుకోవడమే.

మా దగ్గర కొత్త వస్తువు కొన్నవాడు దాన్ని పొగడడు. పొగిడితే దిష్టి. బిడ్డ బొద్దుగా ఉంటే "అన్నం ముట్టడు" అంటారు. కోడలు మంచిదైతే "ఏదోలే, సర్దుకుపోతున్నాం" అంటారు. కారు కొన్నవాడైతే నాలుగు వంకలు చెప్పి, ఆపైన ఒక నిట్టూర్పు విడవాలి. విన్నవాడు దిష్టి తగలకుండా "మాషల్లా" అని, అసలు సంగతి మనసులో గ్రహించుకోవాలి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అందరికీ వంటబట్టిన మర్యాద ఇది. ముంజిర్ దీనికి తన లెక్కలను కూడా జోడించాడు. ఎవరేం చెప్పినా ముందున్న ప్లస్, మైనస్ గుర్తు మార్చి చదువుకుంటే చాలు, సరైన జవాబు వచ్చేస్తుందని అతని నమ్మకం.

మొదట అబూ షాహెర్ దగ్గరికి వెళ్ళాడు. వీధి మొదట్లో కాఫీగింజలు వేయించి అమ్మే అబూ షాహెర్‌ది పెద్ద వ్యాపారం, అంతకన్నా పెద్ద గొంతు. దుకాణం ముందు అతని కొత్త నసీమ్ తళతళలాడుతోంది.

"ఎలా ఉంది అబూ షాహెర్, కొత్త బండి?"

అబూ షాహెర్ ముఖం మాడిపోయింది. "దాని పేరెత్తకు. సీటు చూశావా? నేలమీద చతికిలబడ్డట్టే. పైకప్పేమో వెనక్కి జారిపోయింది. మా అత్తగారు ఎక్కబోయి తల ఎంత గట్టిగా కొట్టుకుందంటే, నేనే నెట్టానని వాళ్ళన్నదమ్ములందరికీ ఫోన్లు చేసింది."

'అత్తగారు కూడా హాయిగా కూర్చుంటోందన్నమాట,' అనుకున్నాడు ముంజిర్. పైకి మాత్రం "మాషల్లా," అన్నాడు.

"మాషల్లా ఏమిటయ్యా! డిక్కీలో నూనె డబ్బాలు పట్టి చావవు."

'ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా పడతాయి.'

"స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, కడుపు గీసుకుంటుంది. ఏసీ తగ్గించాలంటే తెరమీద వేలితో వెతుక్కోవాలి. మనం వెతికేలోగా ఎదురు లారీ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. గేరు కర్ర లేదు, గుండ్రటి బిళ్ళ ఒకటుంది. మొన్న సిగ్నల్ దగ్గర మా ఆవిడ పాట సౌండు పెంచబోయి రివర్స్ వేసింది. వెనకున్నవాడు మా వంశంలో ఎవర్నీ వదల్లేదు!" అబూ షాహెర్ దుకాణం మెట్లు దిగి వచ్చి ముంజిర్ చొక్కా చేయి పట్టుకున్నాడు. "అబూ వజ్దీ, దేవుడి మీద ఒట్టు. కొనకు!"

ముంజిర్ ముగ్ధుడైపోయాడు. ఒట్టు దాకా వెళ్ళాడంటే బండి ఎంత బాగుండి ఉండాలి! ఒట్టుదేముంది, తర్వాత పదిమంది పేదలకు అన్నం పెట్టి పరిహారం చేసుకుంటాడులే అనుకుని, అతని నటనకు లోలోపల జోహార్లు అర్పించి బయల్దేరాడు.

దారిలో పళ్ళ డాక్టర్ నిదాల్ కూరల సంచి మోసుకుంటూ నడిచి వస్తున్నాడు. వీధిలో అందరికన్నా ముందు కొత్త నసీమ్ కొన్నది ఆయనే.

"కారేది డాక్టర్?"

"అమ్మేశాను," అన్నాడు నిదాల్ దీనంగా. "నడుం పట్టేసింది. నడక నయం."

ముంజిర్ కన్నుగీటబోయి ఆగాడు. దిష్టికి భయపడి కారును ఎక్కడో షెడ్డులో దాచిపెట్టి, కూరలు మోసుకుంటూ నడుస్తున్నాడంటే ఈయన అబూ షాహెర్‌ని మించిపోయాడు. ఇక అడగాల్సినవాళ్ళు ఎవరూ లేరనిపించింది.

షోరూంలో కుర్రాడు కొత్త నసీమ్‌ను ఆకాశానికెత్తేశాడు. ఇంతిసార్ చెప్పిన మాట గుర్తుపెట్టుకుని ముంజిర్ అతని మాట ఒక్కటీ పట్టించుకోలేదు. కొన్నవాళ్ళ సాక్ష్యం మీదే నిలబడి, సంతకాలు చేసి, పాత కారు తాళం అక్కడ వదిలేసి, కొత్తది తోలుకుని వచ్చాడు. సీటు కాస్త కిందికున్నట్టు అనిపించింది గానీ, కొత్తదనం వల్ల కాబోలు అనుకున్నాడు.

హజ్జా నౌఫా గుమ్మం దిగి వచ్చింది. ముందు తలుపు తెరిచారు. ఆమె వీపు తిప్పి, ఎప్పటిలాగే వెనక్కి కూర్చోబోయింది. ఎప్పుడూ తగిలే చోట సీటు తగల్లేదు. ఇంకా కిందికి వంగింది, అప్పటికీ తగల్లేదు. ఇంతిసార్ ఒక చంక, ముంజిర్ ఒక చంక పట్టుకుని దించబోతే తల కప్పుకు తగిలింది. తల వంచితే మోకాలు మడవలేదు, మోకాలు మడిస్తే తుంటి కలుక్కుమంది. కారు మాత్రం సీట్లో ఎవరో ఉన్నారని గ్రహించి, బెల్టు పెట్టుకోమని గంట కొట్టడం మొదలుపెట్టింది.

"అది ఎందుకు అరుస్తోంది నాయనా? ఎక్కొద్దంటోందా?" అంది హజ్జా నౌఫా రొప్పుతూ.

"లేదమ్మా, స్వాగతం చెబుతోంది," అన్నాడు ముంజిర్.

ఆ శుక్రవారం సీటు మీద దిండు వేశారు. తల ఇంకా ముందే తగిలింది. మరో శుక్రవారం వెనక సీటు ప్రయత్నించారు, కాళ్ళు లోపలికి రాలేదు. టాక్సీని పిలిస్తే అది ఇంకా చిన్నది. "ఇవాళ వద్దులే, నాకూ ఓపిక లేదు," అనేసి హజ్జా నౌఫా శాలువా విప్పుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత శుక్రవారాల్లో అసలు శాలువా కప్పుకోవడమే మానేసింది. ముంజిర్ భోజనం దగ్గర తలెత్తలేకపోయాడు.

బాధ పట్టలేక అతను కనబడిన ప్రతివాడికీ నిజం చెప్పసాగాడు. "కొత్త నసీమ్ కొని పాడైపోయాను. మా అమ్మ ఎక్కలేకపోతోంది," అని స్టాఫ్‌రూంలో చెబుతుంటే ఒకసారి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అరబ్బీ మాస్టారు ఆ నీళ్ళు చూసి, "మాషల్లా, మాషల్లా," అన్నాడు మెచ్చుకోలుగా. ఆయన ఆ వారంలోనే కొత్త నసీమ్ కొన్నాడు. ఆయన వెనకే సైన్సు మాస్టారు కొన్నాడు. ముంజిర్ గొంతు పెంచాడు, చేతులు జోడించాడు, ఒట్లు వేశాడు. అతను ఎంత ఏడిస్తే అమ్మకాలు అంత పెరిగాయి. ఆఖరికి హెడ్మాస్టరు కూడా ముందస్తు డబ్బు కట్టి, "నీ తిట్లు విన్నాకే ధైర్యం వచ్చిందయ్యా," అన్నాడు. షోరూంవాళ్ళు కృతజ్ఞతగా ఒక పళ్ళెం కునాఫా మిఠాయి ఇంటికి పంపారు. ఇంతిసార్ దాన్ని బల్లమీద పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"ఎన్ని పంపినా మీ అమ్మ పోగొట్టుకున్న శుక్రవారాలు తిరిగొస్తాయా?" అంది. "పోయి మన పాత బండి అడుక్కుని తెచ్చుకో."

షోరూంలో పాత బండి లేదు. తెచ్చిన మర్నాడే అమ్ముడుపోయిందట. ఉత్త చేతులతో ఇంటికి వస్తూ ముంజిర్ కాఫీ దుకాణం ముందు ఠక్కున ఆగిపోయాడు. అక్కడ తన పాత నసీమ్ నిలబడి ఉంది. అబూ షాహెర్ సొంత చొక్కా చేత్తో దాని బానెట్ తుడుస్తున్నాడు.

"నువ్వా కొన్నది!"

"మరి? నువ్వు వదిలేశావని తెలిసిన క్షణంలో కొత్తదాన్ని ఇచ్చేసి దీనికోసం పరిగెత్తాను. దిష్టి తగలకుండా ఇన్నాళ్ళూ షెడ్డులో దాచాను." అంతలో అబూ షాహెర్ తేరుకుని ముఖం వేలాడేశాడు. "పాత డొక్కు బాబూ. స్టీరింగ్ ఎడమకి లాగుతుంది. పెట్రోలు తాగేస్తుంది. కొని తప్పు చేశాను."

ఇన్నేళ్ళు దాన్ని నడిపినవాడు ముంజిర్. స్టీరింగ్ ఏవైపుకీ లాగదని అతనికి తెలుసు. ఈసారి గుర్తు మార్చి చదవడంలో పొరపాటు జరగలేదు.

"కొత్తదాని గురించి ఆ రోజే నాకు నిజం చెప్పాల్సింది అబూ షాహెర్."

"చెప్పలేదా? ఒట్టు కూడా వేశాను కదయ్యా!"

"ఒట్టు వేశావనే నమ్మలేదు."

ముంజిర్ బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఇది నాకు ఇచ్చెయ్," అన్నాడు ముంజిర్ చివరికి. "నా కోసం కాదు. అమ్మ కోసం."

అబూ షాహెర్ పెద్ద గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఎలా ఇమ్మంటావు? మా అత్తగారు ఇందులో ఎక్కింది. దిగేటప్పుడు నన్ను పేరు పెట్టి పలకరించింది. పెళ్ళయ్యాక ఇదే మొదలు." మళ్ళీ తనే అన్నాడు, "హజ్జాని మాత్రం నా దగ్గరికి పంపు. మేం శుక్రవారాలు అజ్లూన్ వైపే వెళ్తాం. అత్తగారు వెనక సీటుకే మురిసిపోతోంది. ముందు సీటు హజ్జాదే."

ఆ శుక్రవారం హజ్జా నౌఫా వీపు తిప్పి వెనక్కి కూర్చుంది. సీటు ఉండాల్సిన చోటే ఉంది. వాళ్ళ వెనకాలే ముంజిర్ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కడుపు గీసుకునే ఖాళీ కారులో కొండ ఎక్కాడు. ఇన్ని వారాలు రాలేదన్న కోపంతో పిన్ని ఫిద్దా గోడవైపు తిరిగి పడుకుంది. అత్తిపళ్ళ పోట్లాటకు కూడా రాలేదు. ఆమె అక్క చేతిలో చేయి పెట్టేసరికి పొద్దు వాలింది. గుమ్మం దగ్గర నిలబడి అదంతా చూసిన ముంజిర్‌కు, పోయిన ఆ శుక్రవారాలను ఏ షోరూంవాడూ తిరిగి ఇవ్వడని అర్థమైంది.

ఇంటి ముందు దిగి, కొడుకు చేయి పట్టుకుని గుమ్మం ఎక్కుతూ హజ్జా నౌఫా అంది, "అబూ షాహెర్ చాలా చక్కగా నడుపుతాడు నాయనా. ఒక్క కుదుపూ తెలియలేదు."

ఇన్నేళ్ళూ అదే సీట్లో తిప్పిన కొడుకును ఆమె ఏనాడూ అంత మాట అనలేదు. ఎందుకు అనలేదో గ్రహించేటంత తెలివి ముంజిర్‌కు ఉంది. కొత్త నసీమ్‌ను కొనిపించిందీ ఆ తెలివే.