బట్టతల మనిషి కోసం గాలింపు

ముందు నవ్వాలా, నమస్కారం పెట్టాక నవ్వాలా? రెండూ ఒకేసారి చేస్తే ఓటు అడగడానికి వచ్చాడనుకుంటారేమో. ముందే నవ్వితే పేరు చెప్పే వేళకి ఆ నవ్వు వాడిపోతుంది. పేరు చెప్పాక నవ్వితే తన పేరుకి తనే నవ్వుకున్నట్టుంటుంది.

అద్దం ముందు నిలబడి పొద్దున్నుంచీ అతను ఆలోచిస్తున్నది ఇదే. మిక్సీలు, గీజర్లు, నీటి మోటార్లతో పాటు పెట్టెలో వచ్చే సూచనల కాగితాలను తేట మాటల్లో రాసివ్వడం అతని వృత్తి. తడిచేత్తో తాకరాదు, మూత బిగించనిదే మీట నొక్కరాదు అని జీవితమంతా లోకానికి చెబుతూనే ఉన్నాడు. మనుషుల్ని ఎలా పలకరించాలో చెప్పే కాగితం మాత్రం ఏ కంపెనీ వాళ్లూ అతనికి పంపలేదు.

ఆ ఇంటి పై వాటాలో అద్దెకు దిగి చాలా కాలమైంది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పని. ఆ కిటికీలోంచి వీధంతా అతనికి తెలుసు. వీధికే అతను తెలియదు. నిన్న భార్య ఊరికి వెళ్తూ, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ తీర్పు చెప్పేసింది.

"రేపు నేను వచ్చేసరికి ఈ వీధిలో ఒక్క మనిషైనా మిమ్మల్ని ఎరుగుదునని అనాలి. లేదంటే మా అన్నయ్యవాళ్ల అపార్టుమెంటుకి మారిపోదాం. అక్కడ మీరు దాక్కున్నా వాళ్లు వదలరు."

అది నిజం. ఆ బావగారింట్లో తలుపులు వేసుకునే అలవాటు లేదు. స్నానాలగది దాకా వచ్చి క్షేమం కనుక్కుంటారు. కిటికీ, బల్ల, నిశ్శబ్దం, అన్నీ ఒక్కసారే పోతాయి. కాబట్టి ఈ రోజు ఎవరో ఒకరికి పరిచయం కావాలి, చావో రేవో.

అవకాశమూ కలిసొచ్చింది. ఆ పూట పార్కు షెడ్డులో పోలీసులతో వీధివాళ్ల సమావేశం ఉంది. ఈమధ్య వీధిలో సైకిళ్లు పోయాయి, గ్యాసు బండలు పోయాయి, ఒక ఇంటివాళ్లకి ఏకంగా గేటే పోయింది. ఇనస్పెక్టరుగారు అందరినీ ఫోన్లో ఒక గ్రూపులో చేర్పించి, ఇంటికో ఈల పంచిపెట్టారు. కొత్త మనిషి కనిపిస్తే గ్రూపులో ఫోటో పెట్టాలి. అనుమానం గట్టిపడితే ఈల వేయాలి. విన్నవాళ్లు తామూ ఈల వేస్తూ, మోత వచ్చిన దిక్కుకు నడవాలి. ఎక్కడా మాట్లాడే పని లేదు కనుక ఈ పద్ధతి అతనికి తెగ నచ్చింది. గ్రూపులో పేర్లు కూడా ఉండవు. మూలిల్లు, నీలం గేటు, పై వాటా అంటూ ఇళ్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

తెల్ల చొక్కా తొడుక్కుని, ఈల జేబులో వేసుకుని బయల్దేరాడు. ఆత్రంలో మరీ ముందు వెళ్లాడేమో, షెడ్డులో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. కుక్క ఎరుగుదునన్నా భార్య ఒప్పుకోదు. వెనక్కి తిరిగాడు. ఖాళీగా ఉండేకన్నా ఇళ్ల ముందు బోర్డుల మీది పేర్లు బట్టీ పడదామన్న ఆలోచన అప్పుడే వచ్చింది. పేరు పెట్టి పలకరిస్తే సగం పరిచయం అయినట్టే కదా. గేటు గేటుకీ ఆగి, బోర్డు చదివి, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ వల్లెవేసి, నాలుగడుగులు వేయగానే మరచిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి చదివాడు. తాళం వేసిన ఇళ్ల దగ్గర మొహమాటం ఉండదు కనుక అక్కడ ఇంకాస్త తీరిగ్గా నిలబడ్డాడు.

ఫోను టింగుమంది. మూలిల్లు రాసింది: 'బట్టతల మనిషి ఒకడు గేట్లన్నీ చూసుకుంటూ పోతున్నాడు. తాళం ఉన్నచోట ఎక్కువసేపు ఆగుతున్నాడు. జాగ్రత్త.' కింద మేడ మీంచి తీసిన ఫోటో. రెండు తెల్లటి భుజాలు, వాటి మధ్య ఒక నడినెత్తి, ఆ నెత్తి మీద చిన్న పళ్లెమంత మైదానం.

అతనికి జాలేసింది. ఈ వయసులో ఇదేం బతుకు పాపం, అనుకున్నాడు. రోజూ అద్దంలో అతనికి కనిపించేది నుదుటి మీద పడే ఒత్తయిన జుట్టు. వెనక సంగతి చెప్పగల మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ దయతలచి చెప్పలేదు. మనిషి తనలోకి తాను ఎంత లోతు తవ్వుకున్నా నడినెత్తి మాత్రం ఎప్పుడూ పరాయివాళ్ల సొత్తే.

జాలి వెనకే ధైర్యం వచ్చింది. దొంగని పట్టిచ్చిన మనిషిని ఎరగనని ఎవరంటారు? పై వాటా మొట్టమొదటిసారి గ్రూపులో నోరు విప్పింది: 'నేను వీధిలోనే ఉన్నాను. వెతుకుతాను.' వెంటనే దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. అతను ఉత్సాహంగా గోడల మీంచి తొంగిచూశాడు, ఆగి ఉన్న కార్ల కిందికి వంగి చూశాడు.

'ఇప్పుడు గోడల మీంచి తొంగిచూస్తున్నాడు,' అంది మూలిల్లు. 'కార్ల కిందికి వంగుతున్నాడు,' అంది నీలం గేటు.

దొంగ తన అడుగులో అడుగేసి వస్తున్నాడన్నమాట, అనుకున్నాడతను. చటుక్కున వెనక్కి తిరిగాడు. 'వెనక్కి తిరిగాడు,' అని వచ్చింది. ఆ తర్వాత మూలిల్లే ఆదుర్దాగా ఇంకోటి పెట్టింది: 'పై వాటావారూ, భద్రం. వాడు మీ దగ్గర్లోనే ఉన్నాడు.'

ఇక నడక మానేసి పరుగందుకున్నాడు. తన కిటికీకి అందని మలుపు తిరగగానే పాలప్యాకెట్లతో, తెల్ల చొక్కాలో, నిగనిగలాడే నెత్తితో ఒకాయన ఎదురుపడ్డాడు. రిటైరైన లెక్కల మాస్టారు. అతను నవ్వలేదు, నమస్కారం పెట్టలేదు, ఈల తీసి ఊదాడు. మాస్టారు క్రమశిక్షణ గల మనిషి. ఈల వింటే ఈల వేయమన్నారు కనుక ఆయనా జేబులోంచి తీసి ఊదారు. దొంగ ఈల కూడా కాజేశాడని ఇతను ఇంకా గట్టిగా ఊదాడు. ఎదురింటి అల్లుడు సగం గీసుకున్న గడ్డంతో ఊదుకుంటూ వచ్చాడు. నీలం గేటువాళ్లు కుటుంబ సమేతంగా ఊదుకుంటూ వచ్చారు. కాసేపట్లో వీధంతా రోడ్డు మీదే ఉంది. ఎవరు ఎవరిని పట్టుకోవాలో తేలక అందరూ ఊదుతూనే ఉన్నారు.

సమావేశానికని స్టేషను నుంచి బయల్దేరిన హెడ్డు కానిస్టేబులుగారు ఆ మోత విని మోటారుసైకిలు ఇటు తిప్పారు. అందరి చేతా ఈలలు దింపించి, ఫోటో చూసి, మాస్టారి వెనక్కి వెళ్లి చూశారు. అక్కడ పళ్లెం కాదు, మొత్తం వంటపాత్రే ఉంది. తల అడ్డంగా ఊపి ఇతని వెనక్కి వచ్చారు. అక్కడే ఆగిపోయారు.

"ఇది మీరేనండీ."

"నాకు బట్టతల లేదండీ."

హెడ్డుగారు వాదించలేదు. ఫోనుతో అతని నెత్తిని ఫోటో తీసి అతని చేతికే ఇచ్చారు. అతను చాలాసేపు చూశాడు. దొంగ అన్నప్పుడు కూడా మనసు ఇంతలా కలుక్కుమనలేదు.

ఈ వీధివాడినేనని అతను చెప్పుకున్నాడు. ఎరుగుదుమని ఎవరూ అనలేదు. పై వాటాలో మనుషులున్నారని తెలుసుగానీ అది లైటు వెలగడం వల్లేనని ఎదురింటి అల్లుడు వివరించాడు. హెడ్డుగారు అనుమతిస్తే అతను భార్యకు ఫోను చేశాడు.

"వీధిలో ఎవరికైనా తెలిశారా?" అందావిడ ఎత్తుతూనే.

"అందరికీ." అతను గొంతు తగ్గించాడు. "నాకు వెనక జుట్టు లేదా?"

"ఆ మాట ఎవరన్నారు?" అందావిడ.

హెడ్డుగారు ఫోను అందుకుని, సంగతి విని, ఊళ్లో లేని మనిషి హామీ చెల్లదనీ, వీధి మనిషే ఎరుగుదునని చెప్పాలని ఇనస్పెక్టరుగారి ఉత్తర్వనీ మర్యాదగా చెప్పారు. లేకపోతే స్టేషనుకి తీసుకెళ్లక తప్పదు. అతనికి ఒక కంట స్టేషనూ ఇంకో కంట బావగారూ కనిపించారు. రెంటిలో స్టేషనే కాస్త ప్రశాంతంగా తోచింది.

"ఇంతకీ ఫోటో పెట్టిందెవరు?" అన్నారు హెడ్డుగారు.

జనం వెనక నుంచి సన్నగా, పొట్టిగా ఉన్న ఒకావిడ ముందుకొచ్చింది. "నేనేనండీ. మూలిల్లు."

"మీరా మూలిల్లు?" అన్నారు లెక్కల మాస్టారు అనుమానంగా. "మూలింటావిడ బాగా లావుగా ఉంటారనుకున్నానే."

హెడ్డుగారి కనుబొమలు లేచాయి. ఈవిడని ఎవరెరుగుదురని అడిగారు. రోజంతా ఆవిడ సందేశాలు చదివే వీధి ఒకరి మొహం ఒకరు చూసుకుంది. తన ఇల్లు ఫలానా అని ఆవిడ చెయ్యి చూపించింది. చూపించడం ఎవరికైనా చేతనవునని ఎవరో గొణిగారు. ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఇంతకుముందు అతను ఏ మొహంతో నిలబడ్డాడో ఇప్పుడు ఆవిడకీ అదే మొహం. మనిషికి తన మొహం ఇతరుల మీదైతే ఎంత బాగా కనిపిస్తుందో.

ఆ గొంతు అతనికి తెలుసు. ఆ గొంతు పొద్దున్నే కుళాయి ముందు ఒకే పాట ఎత్తుకుంటుంది, రెండో చరణం రాక మొదటికే వస్తుంది, నీళ్లు ఆగిపోతే ఆ కుళాయిని కొడుకుని మందలించినట్టు మందలిస్తుంది. చెప్పాలంటే నోరు తెరవాలి. నవ్వడం ముందా, నమస్కారం ముందా అన్నది ఇంకా తేలలేదు. తేలకుండానే ఒక అడుగు ముందుకేశాడు.

"ఈవిడని నేనెరుగుదునండీ," అన్నాడు. "మూలింటావిడే. రోజూ పాడతారు. కుళాయిని తిడతారు."

ఆవిడ మొహం కందగడ్డయింది. కుళాయి సంగతి నలుగురిలో ఒప్పుకోవాలా, స్టేషనుకి వెళ్లాలా అని ఒక్క క్షణం తూచుకుంది.

"తిడతానండీ," అంది. తర్వాత అతని వైపు తిరిగి, "నన్ను ఇంతగా ఎరిగిన మనిషిని నేను ఎరగనని ఎలా అంటాను? ఎరుగుదును," అంది.

హెడ్డుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. దొంగకి ఫిర్యాదీ హామీ, ఫిర్యాదీకి దొంగ హామీ. ఉత్తర్వులో ఇలా కుదరదని మాత్రం లేదు.

"సరే, ఈ జత అయిపోయింది," అన్నారాయన మిగతా వీధి వైపు తిరిగి. "ఇక మీలో ఎవరు ఎవరికి తెలుసో చెప్పండి."

వీధి చాలాసేపు తన చెప్పుల వంక చూసుకుంది.